పీహెచ్‌డీ ప్రవేశ ఇంటర్వ్యూకు సీవీ ప్రింట్లు తీసుకెళ్లాలా?

ప్రశ్న:
పీహెచ్‌డీకి దరఖాస్తు చేసిన ఒక విభాగం నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఒకే రోజున నలుగురైదుగురు అధ్యాపకులతో విడివిడిగా, ఒక్కొక్కరితో అరగంట చొప్పున మాట్లాడాల్సి ఉంటుందట. దరఖాస్తుతోపాటే సీవీని పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేశాను కనుక అది వారి దగ్గర ఉండనే ఉంటుంది. అయినా ప్రింటు ప్రతులు వెంట ఉంచుకోవాలని కొందరు, అది ఉద్యోగాల ఇంటర్వ్యూల అలవాటే తప్ప విశ్వవిద్యాలయాల్లో ఎవరూ పట్టించుకోరని మరికొందరు చెబుతున్నారు. తీసుకెళితే ఎన్ని ప్రతులు తీసుకెళ్లాలి? గదిలోకి వెళ్లగానే ఇవ్వాలా, అడిగేదాకా ఆగాలా? ఇంకొక సందేహం కూడా ఉంది. నేను సహరచయితగా ఉన్న పరిశోధన పత్రం ఒకటి, దరఖాస్తు పంపిన తర్వాత ప్రచురణకు ఆమోదం పొందింది. పంపిన సీవీలో మాత్రం అది ‘పరిశీలనలో ఉంది’ అనే ఉంది. మార్చిన సీవీని అక్కడ ఇవ్వవచ్చా?

మొదటి జవాబు:
ప్రవేశాల కమిటీలో కొన్నేళ్లుగా ఉన్నాను కాబట్టి బల్లకు అవతలి వైపు నుంచి చెబుతాను. తీసుకెళ్లండి. ప్రతి లేదని ఎవరూ మార్కులు తగ్గించరు, ఉందని పెంచరు. అయితే కమిటీ సభ్యులు మీ ఫైలును పూర్తిగా చదివి ఉన్నా, ఆ రోజు మీతో మాట్లాడడానికి కేటాయించిన మిగతా అధ్యాపకులందరూ చదివి ఉంటారని అనుకోవద్దు. క్లాసు ముగించుకుని నేరుగా వచ్చిన మనిషి ల్యాప్‌టాప్ తెరిచి, పది మంది అభ్యర్థుల ఫైళ్లలో మీది ఏదో వెతుక్కుంటున్నప్పుడు, ‘ఒక ప్రతి నా దగ్గర ఉందండీ, కావాలంటే చూడండి’ అంటే ఆయనకు ప్రాణం లేచి వస్తుంది. పైగా తెరను ఒక్కరే చూడగలరు. బల్ల మీద పరిచిన కాగితాన్ని ఇద్దరూ చూస్తారు. ఆయన పెన్ను మీ రెండో ప్రాజెక్టు దగ్గర ఆగి, ‘ఈ విశ్లేషణ మీరే చేశారా, ల్యాబులో ఇంకెవరైనా చేసి ఇచ్చారా?’ అని అడిగితే, అసలు ఇంటర్వ్యూ అక్కడ మొదలైనట్టే.

కలవబోయేవారి సంఖ్యకు ఒకటి రెండు ఎక్కువగా ఉంటే చాలు. మామూలు 80 జీఎస్‌ఎం కాగితమే సరిపోతుంది, ఖరీదైన ఫోల్డర్లు అక్కరలేదు. ప్రతి పేజీ మీద మీ పేరు, పేజీ సంఖ్య ఉండాలి, ఎందుకంటే పిన్ను ఊడిన రెండో పేజీ ఎవరిదో తెలియకుండా పోవడం మేము తరచూ చూసేదే. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు, కొన్ని దేశాల్లో వాడే లెటర్ కాగితానిది 279 మాత్రమే; వేరే దేశంలో ప్రింటు తీయించే పక్షంలో అడుగు వరుసలు తెగిపోకుండా చూసుకోండి. తెరమీద నొక్కితే తెరుచుకునే లంకె కాగితం మీద ఉత్త నీలిరంగు గీతే కాబట్టి, పత్రాల డీఓఐ సంఖ్యలను (ప్రతి పరిశోధన పత్రానికీ ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్యలను) పూర్తిగా ముద్రించండి.

మార్చిన సీవీ నిస్సందేహంగా ఇవ్వవచ్చు. నా దృష్టిలో ప్రింటు తీసుకెళ్లడానికి అన్నిటికంటే బలమైన కారణం అదే. కాకపోతే గుట్టుగా మార్చవద్దు. పైన సవరించిన తేదీ వేసి, ఫలానా పత్రానికి ఆమోదం వచ్చిందని నోటితో కూడా చెప్పండి. ఆమోదం పొందినదాన్ని అప్పుడే ‘ప్రచురితం’ అని రాయకూడదు. రచయితల వరుస కూడా పత్రంలో ఎలా ఉందో అలాగే ఉండాలి.

రెండో జవాబు:
పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, నా అనుభవం కొంచెం వేరు. నేను ఇంటర్వ్యూలకు వెళ్లిన చోట్ల ఎవరూ సీవీ అడగలేదు, ఆ ప్రతులు నాకే పనికొచ్చాయి. ఒక గదికీ మరో గదికీ మధ్య దొరికే ఐదు నిమిషాల్లో, ఎప్పుడో చేసి మరిచిపోయిన ప్రాజెక్టు వివరాలను ఒకసారి చూసుకోవడానికి కాగితమే సులువు. అడగకుండానే, కూర్చోగానే చేతికిచ్చేస్తే మాత్రం ఎదుటివారు దాన్ని పై నుంచి కిందికి చదువుతూ పోతారు, మీరు ఒక్కొక్క వరుసకూ వివరణ ఇచ్చుకుంటూ పోతారు, ఆ అరగంటా అలాగే గడిచిపోతుంది. మీ ఫలితాల్లో ముఖ్యమైన ఒక గ్రాఫును విడి కాగితం మీద తీసుకెళ్లడం నాకైతే అంతకంటే ఎక్కువ ఉపయోగపడింది. పరిశోధన గురించి అడిగినప్పుడు ఆ గ్రాఫును ముందు పెట్టి మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అధ్యాపకుల్లో ఒకరు ఊళ్లో ఉండరని, ఆయనతో వీడియోలో మాట్లాడాలని ఇప్పుడే సమాచారం వచ్చింది. ఆయనకు కొత్త సీవీ ఎలా చేర్చాలి? మార్కుల జాబితాలు, సర్టిఫికెట్ల నకళ్లు కూడా ప్రతి సీవీకీ జతచేయాలా?

మూడో జవాబు:
ఇలాంటి ఇంటర్వ్యూల ఏర్పాట్లు చూసే కార్యాలయంలో పనిచేస్తాను. సర్టిఫికెట్లు జతచేయవద్దు. అసలు ప్రతులు చూడాల్సి ఉంటే కార్యాలయమే ముందుగా రాస్తుంది, వాటిని తనిఖీ చేసేది కూడా కార్యాలయమే గాని అధ్యాపకులు కాదు. సీవీలో సైతం ఫోను నంబరు, ఈమెయిలు చాలు. పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, గుర్తింపు కార్డు సంఖ్య తీసేయండి. ఇంటర్వ్యూలు ముగిసిన సాయంత్రం బల్లల మీద మిగిలిపోయే కాగితాలు ఎవరి చేతుల్లో పడతాయో చెప్పలేం.

వీడియో సంగతికొస్తే, కొత్త పీడీఎఫ్‌ను ఆ అధ్యాపకుడికి నేరుగా పంపే బదులు, మీకు పిలుపు పంపిన సమన్వయకర్తకు రెండు మూడు రోజుల ముందే పంపి, దరఖాస్తు సంఖ్య రాసి, మారిన వరుస ఏదో ఒక వాక్యంలో చెప్పండి. అలా చేస్తే మీ ఫైలులోనే అది చేరి, మిగతా అధ్యాపకులకు కూడా అందే వీలుంటుంది. ఫైలు పేరులో మీ పేరు ఉండాలి, ‘సీవీ కొత్తది’ అనే పేరుతో మాకు వచ్చేవి లెక్కలేనన్ని. సంభాషణ రోజున అదే ఫైలును కంప్యూటరులో తెరిచి ఉంచుకోండి, ఆయన అడిగితే అప్పటికప్పుడు చాట్‌లో పెట్టవచ్చు.