అప్‌డేట్: వీడియో ఎడిటింగ్‌కి బడ్జెట్ పీసీ, మానిటర్ (చివరికి ఏం కొన్నానంటే)

బడ్జెట్ తక్కువ, ఉన్న పీసీలో టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోంది, పెద్ద గ్రాఫిక్స్ కార్డు, 144 హెర్ట్జ్ (తెర సెకనుకి 144 సార్లు మారే) మానిటర్ కొనాలా అని అడిగింది నేనే. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

"కార్డు సంగతి తర్వాత, ముందు నీ కెమెరా ఏ ఫార్మాట్‌లో తీస్తోందో చూడు" అన్న సలహానే పనిచేసింది. చూస్తే నా క్లిప్పులన్నీ హెచ్.265, 10 బిట్, 4:2:2 (వీడియోని బాగా కుదించినా రంగుల వివరాలు ఎక్కువగా ఉంచే ఫార్మాట్). చాలా గ్రాఫిక్స్ కార్డులు దీన్ని డీకోడ్ చేయలేవు (అంటే కుదించిన వీడియోని విప్పలేవు), ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ అనే వీడియో భాగం చేస్తుంది. అందుకే పెద్ద కార్డు ఆలోచన మానేసి, పేరు చివర ఎఫ్ లేని ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ తీసుకున్నా (ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ పనిచేయవు, నేను సరిగ్గా అదే కొనబోయాను!). 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు వేశా. ఇప్పుడు హాయిగా నడుస్తోంది, నాలుగైదు లేయర్లు పెడితే మాత్రం ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం క్లిప్పుల తేలికైన కాపీలు) చేసుకోవాల్సిందే.

మానిటర్‌కి 144 హెర్ట్జ్ నా పనికి అక్కర్లేదని తేలింది. 27 అంగుళాల ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని ప్యానెల్), 1440పీ రిజల్యూషన్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పరిధి) ఉన్నది తీసుకున్నా. మొదటి రోజు నలుపంతా బూడిద రంగులో కనిపించేసరికి ప్యానెల్ పోయిందని ఒకటే టెన్షన్, రిటర్న్ పెట్టబోయా కూడా. కేబుల్ మార్చినా తేడా లేదు. తీరా చూస్తే సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్ లిమిటెడ్ రేంజ్‌లో (నలుపు నుంచి తెలుపు దాకా ఉండే పరిధిని తగ్గించి పంపే పద్ధతి) ఉంది, ఫుల్‌కి మార్చగానే నలుపు నలుపైంది.