రైల్వే డివిజన్ పేరు చెప్పి రాయగడలో స్థలాల రేట్లు పెంచేస్తున్నారు, ఇప్పుడు కొనొచ్చా?

రాయగడ బట్టలకొట్టు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. నాన్నగారి రోజుల నుంచి బట్టల కొట్టు నడుపుతున్నాం, కానీ కొట్టు అద్దెదే. పార్వతీపురంలో తాతగారి ఇల్లు అమ్మితే మా వాటాకి 22 లక్షలు వచ్చింది. బజార్లో ఒక చిన్న కొట్టు, పైన రెండు గదులు అమ్మకానికి ఉన్నాయి, కొంత లోను పెట్టి అది తీసుకుందామని నాన్న అంటున్నారు. నేను ఊరి చివర 5 డెసిమిళ్ళ (అంటే 5 సెంట్ల) స్థలం చూసాను. 2025 జనవరి 6న ప్రధాని ఇక్కడ రైల్వే డివిజన్ ఆఫీసుకి శంకుస్థాపన చేసిన దగ్గర్నుంచి మధ్యవర్తుల నోట అదే మాట. ఆ స్థలానికి దీపావళికి ఒక రేటు చెప్పారు, సంక్రాంతికి ఇంకొకటి. పైగా రాయ్‌పూర్–విశాఖ ఆరు లైన్ల రోడ్డు కూడా వస్తోంది, ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ ఈ రేటుకి దొరకదు అంటున్నారు. శుక్రవారంలోగా అడ్వాన్స్ ఇవ్వమంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

జేకేపూర్ రిటైర్డ్:

బాబూ, ముందు ఆ రోడ్డు సంగతి తేల్చుకో. రాయ్‌పూర్–విశాఖ కారిడార్ 464 కిలోమీటర్లు, ఒడిశాలో నవరంగపూర్, కొరాపుట్ జిల్లాల మీదుగా పోతుంది. రాయగడ ఊరి పక్కకి రాదు. ఆ రోడ్డు చూపించి ఇక్కడ స్థలం అమ్ముతున్నారంటే ఆ మనిషి చెప్పే మిగతా మాటలు కూడా ఒకటికి రెండుసార్లు విచారించుకోవాలి.

డివిజన్ మాత్రం నిజం. 2019లో విశాఖ కేంద్రంగా కొత్త రైల్వే జోన్ ప్రకటించినప్పుడే వాల్తేరు డివిజన్ విడదీసి ఒక భాగానికి రాయగడ కేంద్రం అన్నారు. గుణుపురం నుంచి తెరువలికి 73 కిలోమీటర్ల పైచిలుకు కొత్త లైనుకి కూడా 2024 ఆగస్టులో కేంద్రం ఒప్పుకుంది. ఊరు పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. కానీ నేను మిల్లులో ముప్పై ఏళ్ళు చేసిన అనుభవంతో చెబుతున్నాను, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మా వాళ్ళు చాలామంది క్వార్టర్స్‌లో ఉన్నారు, రిటైరయ్యాక విజయనగరమో విశాఖో వెళ్ళిపోయి అక్కడ ఇల్లు కొనుక్కున్నారు. రైల్వే వాళ్ళు కూడా అంతే చేస్తారు. క్వార్టర్స్ కట్టేలోపు రెండు మూడేళ్ళు అద్దె ఇళ్ళకి గిరాకీ ఉంటుంది, అది ఊరి మధ్యలో, స్టేషన్‌కి నడిచి వెళ్ళే దూరంలో ఉన్న పోర్షన్లకి. ఊరి చివర ఖాళీ స్థలానికి ఎవరు అద్దె ఇస్తారు?

గౌరమ్మ గుడి వీధి:

తమ్ముడూ, రేటు సంగతి తర్వాత. ఆ భూమి మొదట ఎవరిదో కనుక్కున్నావా?

మన జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల భూములకి ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. 1956 రెగ్యులేషన్ ప్రకారం అధికారి అనుమతి లేకుండా గిరిజనుల నుంచి వేరేవాళ్ళ చేతికి వచ్చిన భూమి చెల్లదు, తిరిగి వాళ్ళకి ఇచ్చేయాలి. 2002 సవరణ తర్వాత ఆ అనుమతి దారి కూడా మూసేశారు. 2023 నవంబర్‌లో కొంచెం సడలిద్దామని ప్రభుత్వం అనుకుంటే పెద్ద గొడవ జరిగి అది ఆగిపోయింది.

మా మామగారు 8 డెసిమిళ్ళు కొన్నారు, అమ్మినాయన మన తెలుగాయనే, రిజిస్ట్రేషన్ అయింది, పట్టా కూడా ఆయన పేరున మారింది. ప్రహరీ కట్టి, బోరు వేసి, నాలుగు కొబ్బరి మొక్కలు పెట్టారు. ఆరేళ్ళ తర్వాత నోటీసు వచ్చింది. విచారిస్తే, అమ్మినాయనకి ముందు ఇంకొకాయన, ఆయనకి ముందు ఒక కొంధు గిరిజన రైతు. ఆ రైతు కూతురి పెళ్ళికి అప్పు తీసుకుని, తీర్చలేక తెల్ల కాగితం మీద వేలిముద్ర వేసి ఇచ్చేశాడు. సబ్ కలెక్టర్ కోర్టులో మనవళ్ళు వచ్చి నిలబడితే వాళ్ళ ముఖం చూసి మా మామగారే ఇంటికొచ్చి అన్నం తినలేకపోయారు. భూమి వాళ్ళకి వెళ్ళింది. వెళ్ళాల్సిందే, అది వాళ్ళదే. కానీ మాకు డబ్బు ఎవరిస్తారు? అమ్మినాయన అప్పటికే చనిపోయారు.

అందుకని ఇప్పటి పట్టా ఒక్కటీ చూసి ఆగిపోవద్దు. తహసీల్ ఆఫీసులో పాత ఖతియాన్ (భూమి ఎవరెవరి పేరున ఉందో చెప్పే రికార్డు) నకలు తీయించు, ప్రతి పేరూ చదివించు. ఎస్సీ వాళ్ళ పేరు కనిపించినా, ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 22 కింద అప్పట్లో అనుమతి తీసుకున్నారా అని చూడాలి.

గుణుపురం వాసి:

పైవాళ్ళు చెప్పింది అక్షరాలా నిజం. నేను రెండు మూడు విషయాలు కలుపుతాను.

పట్టాలో కిసమ్ (భూమి రకం) దగ్గర ఘరబారి, అంటే ఇళ్ళ స్థలం అని ఉండాలి. సారద అని ఉంటే అది వరి పొలం, భూసంస్కరణల చట్టం 8-ఏ కింద తహసీల్దారు దగ్గర మార్పించుకోవాలి. 2025లో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు 6.5 నుంచి 5.25కి తగ్గించింది కదా, అందుకే మా దగ్గర కూడా లోన్ల కోసం తిరిగేవాళ్ళు పెరిగారు, కానీ ఘరబారి కాని స్థలం మీద ఇల్లు కట్టడానికి నాకు తెలిసిన ఏ బ్యాంకూ లోన్ ఇవ్వలేదు. పొలాన్ని ముక్కలు చేసి అమ్ముతున్న లేఅవుట్ అయితే, 500 చదరపు మీటర్లు దాటితే ఒడిశా రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదై ఉండాలి, ఆ నంబర్ అడుగు.

కొలతల దగ్గర కూడా జాగ్రత్త. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావ ఇక్కడ గుంఠ అంటే 121 గజాలు అనుకున్నాడు. తెలంగాణలో ఎకరాకి 40 గుంటలు, ఒడిశాలో 25 గుంఠలే, అంటే ఇక్కడ ఒక గుంఠ 4 డెసిమిళ్ళు, దాదాపు 194 గజాలు. డెసిమిల్ అంటే మన సెంటే. అమీనుని (భూమి కొలిచే సర్వేయర్‌ని) పెట్టి గొలుసు వేయించాకే అడ్వాన్స్ మాట.

మా గుణుపురంలో ఇంజినీరింగ్ కాలేజీ చుట్టూ ఇళ్ళ అద్దెలు ఎందుకు నిలబడ్డాయంటే ప్రతి ఏడూ కొత్త పిల్లలు వస్తారు కాబట్టి. మీ నాన్నగారు చెప్పే కొట్టుకి కూడా అలాంటి బలం ఉంది. మీరే అద్దెకుంటున్నారు కాబట్టి నెలకి ఎంత మిగులుతుందో మీకు తెలుసు. రిజిస్ట్రేషన్ అమ్మగారి పేరున చేయిస్తే స్టాంపు 4 శాతం, మగవాళ్ళ పేరున అయితే 5. ఫీజు 2 శాతం ఇద్దరికీ ఒకటే.

రాయగడ బట్టలకొట్టు:

అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న తహసీల్ ఆఫీసుకి వెళ్ళాను. కిసమ్ సారద. పాత ఖతియాన్ నకలు కోసం దరఖాస్తు పెట్టాను గానీ అది వచ్చేలోపు శుక్రవారం అయిపోతుంది. అమ్మేవాళ్ళకి ఫోన్ చేసి నకలు వచ్చి చదివించేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వనని చెప్పేశాను. వాళ్ళకి కోపం వచ్చింది. ఆదివారం నాన్నతో కలిసి కొట్టు చూడబోతున్నాం. అక్కడ ఏం చూడాలి?

జేకేపూర్ రిటైర్డ్:

కొట్టు పాత కాగితాలు కూడా అలాగే తీయించు, బజార్లో ఉంది కదా అని వదిలేయకు. పైకి వెళ్ళే మెట్లు కొట్టు లోపలి నుంచి ఉన్నాయా, బయట నుంచా చూడు. బయట నుంచి ఉంటేనే పై గదులు వేరే అద్దెకి ఇవ్వగలవు. ముందున్న కాలవ ఎటు పోతుందో పక్క కొట్టువాళ్ళని అడుగు, 2017 జూలై వరదకి తెరువలి, సింగపూర్ రోడ్ మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది, ఆ నెలలో ఆ కొట్టులోకి నీళ్ళు వచ్చాయో లేదో వాళ్ళకి గుర్తుంటుంది. నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్ళు.