మెట్ట ప్రాంతపు ఆసుపత్రుల్లో సిబ్బంది నిలవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (వైద్యాధికారి, ఉదయగిరి ప్రాంతం):
మా ఆసుపత్రికి వచ్చిన యువ వైద్యులూ స్టాఫ్ నర్సులూ పనిలో చేయి తిరిగే వేళకే నెల్లూరికో చెన్నైకో వెళ్లిపోతున్నారు. వెళ్లేవారిని నేను తప్పుపట్టను. అయితే ఒకరు వెళ్లినప్పుడల్లా వారి నైట్ డ్యూటీలు మిగిలినవారి మీద పడి, ఆ భారం మోయలేక ఇంకొకరు బయలుదేరుతున్నారు. ఒత్తిడి తగ్గడానికి యోగా తరగతులు పెట్టమని పైనుంచి సూచిస్తున్నారు. జీతాలు పెంచడం నా చేతిలో లేదు. నా స్థాయిలో ఏం చేయవచ్చు?

జవాబు (సీనియర్ నర్సు, ఒంగోలు):
సర్, రాత్రంతా మేలుకున్న నర్సును ఉదయం యోగాకు రమ్మంటే ఆమెకు అది మరో డ్యూటీ అవుతుంది. ముందుగా డ్యూటీ చార్టు చూడండి. వచ్చే నెల చార్టు ఈ నెలలోనే తెలిస్తే పిల్లల బడి, ఇంట్లో పెద్దవాళ్ల వైద్యం, ఊరి ప్రయాణం అన్నీ దానికి తగ్గట్టు సర్దుకోగలుగుతాం. నైట్ల తరువాత ఇచ్చిన సెలవును చివరి నిమిషంలో రద్దు చేయకండి. లోపల గడియ పడే విశ్రాంతి గది, నీళ్లు వచ్చే మరుగుదొడ్డి కూడా చూడండి; ఇవి చిన్న విషయాలు కావు.

జవాబు (వైద్య కళాశాల అధ్యాపకుడు, నెల్లూరు):
సిస్టర్ మాట నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణ పట్టిక ఐసీడీ-11, బర్నవుట్‌ను (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోయి, పని మీద మనసు విరిగిపోవడాన్ని) జబ్బుగా కాక, పనిచోట దీర్ఘకాలం అదుపు చేయని ఒత్తిడి ఫలితంగా పేర్కొంది. కాబట్టి మందు వేయవలసింది పనిచోటికే. ఆసుపత్రిలో పనిచేస్తూ శిక్షణ పొందే రెసిడెంట్ వైద్యులకు వారానికి 48 గంటల పని అని 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకమే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 74 గంటలు మించవద్దని సూచించిందంటే, ఆచరణ ఎంత దూరం జరిగిందో ఊహించండి. ఇంకొకటి: సిబ్బందిపై దాడి జరిగితే, వైద్య సిబ్బందిపై హింసను అరికట్టే రాష్ట్ర 2008 చట్టం కింద ఫిర్యాదు మీరే సంతకం చేసి ఇవ్వండి, దెబ్బతిన్న నర్సును ఒంటరిగా స్టేషన్‌కు పంపకండి. మానసిక సాయం అందించే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరును గోడ మీద రాయించండి, ఎవరు ఫోన్ చేశారని మాత్రం ఆరా తీయవద్దు.

జవాబు (పరిశోధన ప్రాజెక్టు ఉద్యోగిని, కనిగిరి):
పరిశోధన సిబ్బందినీ దయచేసి మరవకండి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నమూనాలు సేకరించే మావంటివారి ఉద్యోగం గ్రాంటుతోపాటే ముగుస్తుంది. ఊరివాళ్లు మమ్మల్ని నమ్మి తలుపు తీసే సమయానికి మేము వేరే పని వెతుక్కుంటూ ఉంటాం. గడువు ముగియడానికి కొన్ని నెలల ముందే కొనసాగింపు ఉందో లేదో స్పష్టంగా చెప్పడం, అనుభవ ధ్రువపత్రం ఆలస్యం లేకుండా ఇవ్వడం, పరిశోధనా పత్రంలో మా శ్రమను పేరుతో ప్రస్తావించడం, ఈ మూడూ ప్రాజెక్టు అధిపతి చేతిలో ఉన్నవే.