కంటి కింద ఇనుప రవ్వ ఇరుక్కుంది, ఆపరేషన్ తప్పదా?

అన్నా, మా తమ్ముడు రేణిగుంటలో వెల్డింగ్ షాపులో చేస్తాడు, నిన్న గ్రైండింగ్ చేస్తా ఉంటే ఇనుప రవ్వ ఎగిరి కింది రెప్పలో గుచ్చుకునింది, చూపు బాగానే ఉండాది కానీ వాపు తగ్గలే. ఎంఆర్ఐ తీపిద్దామా?

— ఎంఆర్ఐ వద్దే వద్దు! ఇనుమైతే ఆ అయస్కాంతానికి లోపల కదిలి కన్నే పోవచ్చు. సీటీ స్కాన్‌లో తెలుస్తుంది, కనుగుడ్డులోకి దిగిందో లేదో కూడా. ఈరోజే తిరుపతిలో రుయా ఆస్పత్రికో అరవింద్ కంటాస్పత్రికో పిల్చుకోని పోండి, కన్ను నలపనీయొద్దు.

— రెప్పలో పైపైనే ఉంటే మత్తు సూదేసి తీసేస్తారు. కంటి వెనక లోతుగా, నరం దగ్గరుండి ఇబ్బంది పెట్టకపోతే కొన్నిసార్లు వదిలేస్తారు కూడా. కనుగుడ్డులో ఇనుముంటే మాత్రం వదలకూడదు, తుప్పు రెటీనాను (కంటి లోపలి వెనక పొరను) పాడుచేస్తుంది. ధనుర్వాతం రాకుండా టీటీ సూది అడగండి.

— బయల్దేరతా ఉన్నామన్నా, వాడు పొద్దున్నుంచి ఏమీ తిన్లేదు.

— అట్లే ఏమీ తినకుండా ఉండనీ, ఆపరేషన్ పడొచ్చు.