రాపా నుయ్ లాంటి దీవికి వెళ్ళడమా, వెళ్ళకుండా ఉండటమా: ఏది గౌరవం?

తెరచాప:
ఈస్టర్ దీవి అని మనం చదువుకున్న రాపా నుయ్‌కి వెళ్ళాలని నాకు ఎన్నాళ్ళుగానో కోరిక. చిలీ తీరానికి 3,500 కిలోమీటర్లకు పైగా దూరం, చుట్టూ పసిఫిక్ తప్ప ఇంకేమీ లేదు. 2017 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉండేది ఎనిమిది వేల లోపు జనం. కోవిడ్‌కు ముందు ఏడాదికి లక్షమందికి పైగా పర్యాటకులు వచ్చి పోయేవారు. ఈ లెక్క విన్న ఒక మిత్రుడు, "ఆ దీవంటే నిజంగా గౌరవముంటే వెళ్ళకు. వెళ్ళొచ్చి, ప్లాస్టిక్ సీసా ముట్టలేదని చెప్పుకుంటే ఎవర్ని మోసం చేస్తున్నట్టు?" అన్నాడు. ఒళ్ళు మండింది కానీ గట్టి జవాబేదీ తట్టలేదు. పద్ధతిగా వెళ్ళడం అంటూ ఒకటి ఉందా? ఉంటే అదేమిటి? "ప్రకృతిని ప్రేమించండి" లాంటి జవాబులు మాత్రం వద్దు, ప్లీజ్.

లెక్కల పంతులు:
మీ మిత్రుడు చెప్పింది నిజం. చిలీ రాజధాని శాంటియాగో నుంచి అక్కడికి ఒక వైపే ఐదు గంటల విమానం. శాంటియాగో దాకా ఎక్కే విమానాలు అదనం. ఆ ఇంధనం ముందు మీ గుడ్డసంచి, వెదురు బ్రష్షు ఏ మూలకి? దిగాక కూడా అంతే. కరెంటు చాలావరకు డీజిల్‌తో తీస్తారు, ఆ డీజిల్ ఓడలో రావాలి. తాగే నీళ్ళు భూగర్భంలోంచి తోడాలి, మరుగుదొడ్ల నీళ్ళు ఇంకిపోయేదీ ఆ నేలలోకే. దీవి మొత్తం 163 చదరపు కిలోమీటర్లు. చెత్త ఎక్కడ పూడుస్తారు? మనం ఎంత మర్యాదస్తులమైనా స్నానం చేస్తాం, తింటాం, ఫోను చార్జింగ్ పెడతాం. మర్యాదకీ నీళ్ళ వాడకానికీ సంబంధం లేదండీ.

మధ్యాహ్నం నిద్ర:
పంతులుగారి దగ్గర ట్యూషన్ చెప్పించుకున్నవాళ్ళు ఇల్లు కదిలినట్టు లేరు.

గవ్వ:
పంతులుగారూ, నీళ్ళ సంగతి, డీజిల్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఈ లెక్కలో దీవివాళ్ళు కనిపించడం లేదు. వాళ్ళేం కోరుకుంటున్నారో మనం ఇక్కడ కూర్చుని ఊహించనక్కర్లేదు, వాళ్ళే చేసి చూపించారు.

2020 మార్చిలో దీవిని మూసేశారు. మళ్ళీ తెరిచింది 2022 ఆగస్టులో. రెండేళ్ళకు పైగా ఒక్క పర్యాటకుడు లేడు. దాదాపు అందరి బతుకూ పర్యాటకం మీదే నడిచే చోట ఇది మాటలు కాదు. జనం పెరళ్ళలో కూరగాయలు వేసుకున్నారు, చేపలు పట్టారు, ఒకరికొకరు సాయం పట్టే 'ఉమంగా' అనే పాత పద్ధతిని మళ్ళీ బయటికి తీశారు. మధ్యలో 2021లో జనాభిప్రాయం అడిగితే ఎక్కువమంది "అప్పుడే తెరవొద్దు" అన్నారు. ఆ తర్వాత తెరిచారు. అంటే మూసి బతకడం వాళ్ళకు తెలుసు, తెరిస్తే వచ్చేదేమిటో కూడా తెలుసు.

తెరిచింది కూడా షరతులతోనే. పర్యాటకుడు 30 రోజులకు మించి ఉండకూడదు. ఈ నియమం 2018 నుంచి ఉంది, అంతకుముందు 90 రోజులుండేది. తిరుగు టికెట్ చూపించాలి, నమోదైన బసలోనైనా దిగాలి లేదా దీవివాసి ఆహ్వాన పత్రమైనా ఉండాలి. జాతీయ పార్కును 2017 నుంచి మౌ హెనువా అనే రాపానుయ్ ప్రజల సంస్థ నడుపుతోంది. టికెట్ డబ్బు వాళ్ళకే వెళుతుంది. ముఖ్యమైన చోట్లకు స్థానిక గైడు లేకుండా పోనివ్వరు.

ఇన్ని చెప్పి తలుపు తీసినవాళ్ళతో "మీ మంచికే మేం రావడం లేదు" అనడం నాకు గౌరవంగా అనిపించదు. పెద్దరికంలా అనిపిస్తుంది.

లెక్కల పంతులు:
గవ్వగారూ, "దీవివాళ్ళు" అని ఒకే మాటలో తేల్చేశారు. హోటలున్నవాడి అభిప్రాయం, ఆ హోటల్లో పక్కలు సర్దే మనిషి అభిప్రాయం, బావి పక్కన ఇల్లున్న ముసలావిడ అభిప్రాయం ఒకటే అవుతాయా? చిలీ నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళు కూడా అక్కడ చాలామంది.

గవ్వ:
కావు. ఏ ఊళ్ళోనూ కావు. కానీ ఆ తగువు తీర్చుకోవాల్సింది వాళ్ళు, మీరూ నేనూ కాదు.

ఉప్పుగాలి:
మీరిద్దరూ అసలు విషయం వదిలేశారు. ఈ షరతులన్నీ చివరికి డబ్బున్నవాడికే దారి ఇస్తాయి. ఈక్వడార్‌కి చెందిన గాలపగోస్ దీవులు చూడండి, విదేశీ పర్యాటకుల ప్రవేశ రుసుము 2024 ఆగస్టు 1న 100 డాలర్ల నుంచి 200కి పెంచారు. ఆస్ట్రేలియాలోని లార్డ్ హౌ దీవిలో ఏ సమయంలోనైనా 400 మంది పర్యాటకులకు మించి ఉండకూడదు. వినడానికి బాగుంటుంది, గదుల అద్దెలు చూశాక మాట్లాడండి. బ్రెజిల్‌లోని ఫెర్నాండో డి నోరోన్యా దీవుల్లో ఇంకో విచిత్రం. ఎక్కువ రోజులుంటే పర్యావరణ పన్ను అంతకంతకూ పెరుగుతుంది. "హడావిడిగా వచ్చి పోకండి, నిదానంగా తిరగండి" అని బోధించేదీ మనవాళ్ళే, నిదానంగా తిరిగితే జేబు కోసేదీ ఆ నియమమే. బస్సులో తిరిగే కుర్రాడు చేసే నష్టం ఎక్కువా, విలాసవంతమైన గదిలో ఏసీ ఆపకుండా ఉండేవాడు చేసే నష్టం ఎక్కువా?

రేవు:
నోరోన్యా పన్నులో విచిత్రమేమీ లేదండీ. అక్కడ మంచినీళ్ళకు ఎప్పుడూ కటకటే. నిదానంగా తిరగమనే సలహా పెద్ద దేశాలకు సరిపోతుంది, చిన్న దీవిలో ఎన్ని రోజులుంటే అన్ని రోజుల నీళ్ళు. కాబట్టి ఆ సలహాను ప్రతిచోటా మంత్రంలా చదవకూడదు.

అలాగని పూటలో చుట్టి వెళ్ళే ఓడ ప్రయాణం మంచిదనడం లేదు, అదింకా ఘోరం. రాపా నుయ్‌లో పెద్ద ఓడలు ఒడ్డుకి ఆనే రేవే లేదు. దూరంగా లంగరేసి చిన్న పడవల్లో జనాన్ని దింపుతారు. సముద్రం బాగోకపోతే అదీ లేదు. దిగినవాళ్ళు పడుకునేదీ తినేదీ ఓడలోనే. వందలమంది ఒకేసారి ఒకే పెద్ద రాతి విగ్రహాల వరుస ముందు నిలబడి, రెండు బొమ్మలు కొని వెళ్ళిపోతారు. రద్దీ అంతా ఊరికి, ఆదాయమంతా ఓడకి.

తెరచాప:
నేను చూస్తున్న ప్యాకేజీల్లో చవకగా కనిపించింది ఓడదే! ఉప్పుగాలిగారి మాట గుచ్చుకుంటోంది. చవకగా వెళ్తే ఓడ, పద్ధతిగా వెళ్తే ఖర్చు.

గవ్వ:
డబ్బు లేనివాడికి అన్యాయం జరుగుతుందన్నది నిజం. అయితే వందల కోట్లమంది చూడాలనుకునే చోటు, వందలమందిని మాత్రమే మోయగలిగే చోటు ఒకటే అయినప్పుడు ఎవరో ఒకరు ఆగక తప్పదు. ఆగేది ఎవరో డబ్బుతో తేలుస్తున్నారు, లాటరీతో తేల్చొచ్చు, వరుసతో తేల్చొచ్చు. దాని మీద కొట్లాడదాం, నేనూ వస్తాను. పరిమితే వద్దంటే మాత్రం రాను.

పైగా పరిమితి అనేది బయటివాళ్ళు వచ్చి నేర్పింది కాదు. పసిఫిక్‌లోని చిన్న దీవుల దేశం పలావ్‌లో 'బుల్' అని పాత ఆచారం ఉంది. చేపలు గుడ్లుపెట్టే కాలంలోనో, అవి తగ్గినప్పుడో, ఫలానా పగడపు దిబ్బ దగ్గర వేట ఆపమని పెద్దలు ఆజ్ఞ వేస్తారు. సొంత మనుషులకే కొన్నాళ్ళు వద్దని చెప్పగలిగిన సమాజం అది. జనాభా 20 వేలు కూడా లేని ఆ దేశానికి 2015లో లక్షన్నరకు పైగా పర్యాటకులు వచ్చారు. 2017 చివరి నుంచి పాస్‌పోర్టులోనే దీవుల్ని పాడుచేయనని ఒక ప్రతిజ్ఞ ముద్ర వేసి సంతకం పెట్టిస్తున్నారు. అది పలావ్ పిల్లలకు అతిథి ఇచ్చే మాట. 2020 జనవరి 1 నుంచి పగడాలకు హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లు నిషేధం. సంతకం ఒక్కటే అయితే నేనూ నవ్వేదాన్ని, వెనక చట్టం కూడా ఉంది.

లెక్కల పంతులు:
సంతకం పెట్టినవాళ్ళు కూడా విమానంలోనే వచ్చారు.

రేవు:
పంతులుగారూ, విమానం ఒక్కటే పట్టుకున్నారు. దీవికి అంతకన్నా నష్టం చేసేది మన బూటు అడుగున ఉండొచ్చు. లార్డ్ హౌ సంగతే తీసుకోండి. 1918లో మకాంబో అనే ఆవిరి ఓడ అక్కడ నేలకు తగులుకుంది. దాంట్లోంచి ఎలుకలు ఒడ్డెక్కాయి. ఆ తర్వాత కొన్నేళ్ళలో ఐదు రకాల పక్షులు అంతరించాయి. అరచేయంత పొడవుండే ఒక కర్రపురుగు కూడా పోయిందనే అనుకున్నారు. 2001లో సముద్రంలో నిటారుగా లేచిన బాల్స్ పిరమిడ్ అనే రాతి మీద, ఒక పొద కింద కొన్ని దొరికాయి. ఎలుకల్ని తుడిచిపెట్టడానికి దీవంతా మందు పెట్టింది 2019లో, అంటే నూరేళ్ళ తర్వాత! ఓడవాళ్ళెవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. వాళ్ళు మర్యాదగానే ఉండి ఉంటారు.

తెరచాపగారూ, అందుకే బయలుదేరే ముందు రాత్రి చేయాల్సిన పని ఇది. బూట్ల గాడుల్లో మట్టిని సూదితో గీకండి, ఆరబెట్టండి. ప్యాంటు మడతలు, జేబుల అడుగులు, బ్యాగు అతుకులు, ముఖ్యంగా వెల్క్రో చూడండి. గడ్డి విత్తనాలు పట్టుకునేది అక్కడే. పండ్లు, తేనె, చెక్క వస్తువులు ఉంటే దాచకుండా చెప్పండి. దీనికి పైసా ఖర్చు లేదు కాబట్టి ఉప్పుగాలిగారికి కూడా అభ్యంతరం ఉండకూడదు.

మధ్యాహ్నం నిద్ర:
ఇప్పుడే నా బ్యాగు వెల్క్రో చూశాను. అందులో చిన్న తోటే ఉంది.

కొత్త సభ్యుడు:
అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ డా కున్యా దీవికి విమానాశ్రయం లేదు, కేప్‌టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం, అదీ దీవి కౌన్సిల్ ముందే అనుమతి ఇస్తేనే. గవ్వగారి వాదానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. కానీ అడగడానికే వీలు లేని చోటు కూడా ఉంది, బయటి ప్రపంచంతో సంబంధం వద్దనుకునే తెగ ఉండే అండమాన్ దీవి నార్త్ సెంటినెల్. చుట్టూ ఐదు నాటికల్ మైళ్ళ వరకు నిషేధం. 2025 మార్చిలో ఒక అమెరికన్ యువకుడు చాటుగా దిగి, కొబ్బరికాయ, కూల్‌డ్రింక్ డబ్బా ఇసుకలో పెట్టి వచ్చాడు, అరెస్టయ్యాడు. అతను కానుక అనుకున్నాడేమో, జలుబుకే ప్రాణం పోయే జనానికి అది ముప్పు. "వాళ్ళు పిలిస్తేనే" అనే సూత్రం అక్కడ "వెళ్ళొద్దు" అనే చెబుతుంది.

గవ్వ:
అవును, ఆ సూత్రం రెండు వైపులా పనిచేయాలి.

తెరచాపగారూ, ఇంకొక్కటి. అక్కడ మొయాయ్ విగ్రహాలు నిలబడిన రాతి వేదికల్ని 'అహు' అంటారు. చాలా అహుల్లో పూర్వీకుల్ని సమాధి చేశారు. అందుకే ఎక్కకూడదు, వాటిమీద కాలు పెట్టకూడదు. 2008లో ఒక ఫిన్లాండ్ పర్యాటకుడు మొయాయ్ చెవి ముక్క విరగ్గొట్టి 17 వేల డాలర్ల జరిమానా కట్టాడు. అతన్ని తిట్టడం సులువే. విగ్రహాల వెనక్కి చేరి, ముక్కులో వేలు పెట్టినట్టు కోణం చూసుకుని ఫొటోలు తీసుకునేవాళ్ళని ఎవరూ ఏమీ అనరు. ఒకరి తాతల సమాధి దగ్గర చేసే పనేనా అది?

తెరచాప:
ఓడ ప్యాకేజీ వద్దనుకున్నాను. డబ్బు కూడేదాకా ఆగి, రాపానుయ్ కుటుంబం నడిపే బసలో దిగుతాను. పంతులుగారి డీజిల్‌కు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

లెక్కల పంతులు:
ఆగుతానన్నారు, అది చాలావరకు జవాబే. ఆ రెండు మూడేళ్ళలో వేరే విమానాలెన్ని మానుకుంటారో అప్పుడు చెప్పండి.

ఉప్పుగాలి:
నాదొక్క ప్రశ్న. మీరు పద్ధతిగానే వెళ్తారు, ఫొటోలు పెడతారు, అవి చూసి ఇంకో వందమంది ఓడెక్కుతారు. థాయ్‌లాండ్ మాయా బే గతి అదే కదా? సినిమాలో చూసి జనం ఎగబడితే 2018 జూన్‌లో మూసి, 2022 జనవరిలో గానీ తెరవలేకపోయారు. ఇప్పుడు పడవలు ఆ ఒడ్డుకే రాకూడదు. మీరు ఫొటోలు పెట్టకుండా ఉండగలరా?

తెరచాప:
మొయాయ్ ఫొటోలు ఇప్పటికే కోట్లలో ఉన్నాయి, నావి కలిస్తే కొత్తగా మునిగేదేమీ లేదు. ఎవరికీ తెలియని చిన్న ఒడ్డు ఏదైనా కనిపిస్తే దాని పేరు మాత్రం రాయను.

ఉప్పుగాలి:
పేరు రాయకపోతే కింద కామెంట్లలో అందరూ అడిగేది అదే. చూద్దాం.