సంఘ పరిచర్య పెరిగి ఏకాంత ప్రార్థన తగ్గుతోంది: దేనిని వదులుకోవాలి?

ప్రశ్న: నల్లగొండ సహోదరి

అందరికీ ప్రభువు నామమున వందనాలు. ఆదివారం సండే స్కూల్, ఆరాధనలో క్వయర్, బుధవారం గృహ ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూడిక, వీటికి తోడు స్త్రీల సమాజం లెక్కలు కూడా నా చేతిలోనే ఉన్నాయి. ఎవరూ బలవంతపెట్టలేదు, ఇష్టంగానే చేస్తున్నాను. అయితే కొంతకాలంగా బైబిలు తెరిస్తే పిల్లలకు ఏ పాఠం చెప్పాలన్న ఆలోచనే తప్ప, దేవుడు నాతో ఏమంటున్నాడన్న ధ్యాస ఉండడం లేదు. మోకరించినా రేపటి కూడికకు ఎవరిని పిలవాలి, కానుకల లెక్కలో తేడా ఎక్కడ వచ్చింది అన్నవే మనసులో తిరుగుతున్నాయి. తెల్లవారుజామున లేవమని అందరూ అంటారు. రాత్రి పదిన్నరకు ఇల్లు చేరేవారికి అదెంతవరకు సాధ్యం? ఏదైనా ఒక బాధ్యతను వదిలితే దేవుని పనిని నిర్లక్ష్యం చేసినట్టవుతుందా?

జవాబు: మిర్యాలగూడ సంఘ పెద్ద

అమ్మా, లూకా సువార్త 10వ అధ్యాయంలో ప్రభువును తన ఇంట చేర్చుకున్న మార్త, తన సహోదరి మరియ పనిలో సాయం చేయకుండా ఆయన పాదాల దగ్గర కూర్చుని వాక్యం వింటోందని ఆయనతో అన్నది. అప్పుడు ప్రభువు మార్తను మందలించింది వంట చేసినందుకు కాదు, అనేకమైన పనుల గురించి తొందరపడి, ఆ తొందరలో సహోదరి మీద ఆయనకే ఫిర్యాదు చేసినందుకు. యోహాను 12వ అధ్యాయంలో బేతనియ విందులో అదే మార్త మళ్ళీ ఉపచారం చేస్తూనే ఉంది, కానీ ఈసారి ఫిర్యాదు లేదు. కాబట్టి పరిచర్య మానమని నేను చెప్పను. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఆహారం పంచే పనిని ఏడుగురికి అప్పగించి, ప్రభువు శిష్యులైన అపొస్తలులు ప్రార్థనకూ వాక్యానికీ నిలబడ్డారు. ఆ పని తక్కువదని కాదు, అన్నీ ఒకరే మోయకూడదని. లెక్కలు చూడగలవారు మీ సమాజంలో తప్పక ఉంటారు. ఆ పుస్తకం వారికి అప్పగించండి.

జవాబు: నాగర్‌కర్నూల్ నుండి

పెద్దలు చెప్పింది నిజమే గాని, ఏకాంతం అనేది తలుపు వేసుకోగలిగిన ఇల్లు ఉన్నవారికే దొరుకుతుందన్నట్టుగా మనం మాట్లాడుకుంటున్నాం. మా అత్తగారికి చదువు రాదు, 23వ, 121వ కీర్తనలు మాత్రం కంఠతా వచ్చు. పత్తి ఏరేటప్పుడు ఒక్కో సాలుకు ఒక్కో ఇంటివారిని తలచుకుని, పెదవులు కదుపుతూ ప్రార్థిస్తారు. పక్క సాలులో ఉన్న నాకే ఒక్కోసారి వినిపించదు. అక్కా, మీకు సమయం కన్నా మనసు నిలవడమే కష్టమవుతోందని నాకు అనిపిస్తోంది. పాఠం కోసం చదివే భాగం వేరు, మీ కోసం చదివే భాగం వేరు పెట్టుకోండి.

జవాబు: దేవరకొండ సహోదరుడు

మార్కు 1వ అధ్యాయం చూడండి. సాయంకాలం పట్టణమంతా వాకిట కూడివచ్చింది, అయినా ఇంకా చీకటి ఉండగానే ప్రభువు అరణ్య ప్రదేశానికి వెళ్ళి ప్రార్థించాడు. అందరం చెప్పుకునేది ఇంతవరకే. అందరూ నిన్ను వెదకుచున్నారని శిష్యుడైన సీమోను వచ్చి చెప్పినప్పుడు ఆయన ఆ జనం దగ్గరకు తిరిగి వెళ్ళలేదు, సమీప గ్రామాలకు బయలుదేరాడు. పిలిచిన ప్రతిచోటికీ వెళ్ళడమే విధేయత అని మన సంఘాలలో ఎవరు నేర్పారో గాని, ఆ ఉదయం ఆయన చేసింది అది కాదు.

నల్లగొండ సహోదరి

అందరికీ కృతజ్ఞతలు. లెక్కల పుస్తకం మరొకరికి అప్పగిస్తానని వచ్చే సమాజ కూడికలో చెబుతాను. సండే స్కూల్ వదలను. క్వయర్ సంగతి మాత్రం ఇంకా తేల్చుకోలేదు. క్రిస్మస్ పాటల అభ్యాసం ఇప్పటికే మొదలైంది.