అత్యవసర కాల్స్‌కి కంట్రోల్ చార్ట్ పనికొస్తుందా?

లెక్కలమాస్టారు: నిన్నటికంటే కాల్స్ పెరిగితే సంజాయిషీ, తగ్గితే మెచ్చుకోలు. ఈ పద్ధతి పోవాలి. మామూలు ఎగుడుదిగుడేదో, నిజమైన మార్పేదో విడదీసి చూపడానికి 1924లో వాల్టర్ షూహార్ట్ ఇచ్చిన కంట్రోల్ చార్ట్ ఉండగా ఇదేం పని? సగటు గీత, దానికి పైనా కిందా మూడు సిగ్మాల హద్దులు. సిగ్మా అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత. రోజుకు సగటు 100 కాల్స్, విడివిడిగా వచ్చే సంఘటనల లెక్కకి వాడే పాయిజాన్ పంపిణీ అనుకుంటే సిగ్మా సగటుకి వర్గమూలం, అంటే 10, హద్దులు 70, 130. ఒకరోజు 118 వచ్చిందని ఎవర్నీ నిలదీయక్కర్లేదు.

రాత్రిడ్యూటీ: పాయిజాన్ అంటే కాల్స్ ఒకదాంతో ఒకటి సంబంధం లేకుండా రావాలి. పెద్ద ప్రమాదం జరిగితే ఒక్కదానికే 20 మంది ఫోన్ చేస్తారు. వారాంతం వేరు, పండగ వేరు. మీ హద్దులతో ప్రతి శనివారం అలారం మోగుద్ది.

లెక్కలమాస్టారు: అయితే పాయిజాన్ వదిలేయండి. వరుస విలువల మధ్య తేడాల సగటును 2.66తో గుణించి, సగటు గీతకి పైనా కిందా అంత దూరంలో హద్దులు పెట్టండి. శనివారాన్ని శనివారాలతోనే పోల్చండి.

సైరన్: 2.66 ఎక్కడిది?

లెక్కలమాస్టారు: ఆ తేడాల సగటును 1.128తో భాగిస్తే సిగ్మా అంచనా వస్తుంది. మనకి మూడు సిగ్మాలు కావాలి కాబట్టి 3ని 1.128తో భాగిస్తే 2.66.

రాత్రిడ్యూటీ: శనివారాలు ఏడాదికి 52. మార్పు కనబడేసరికి నెలలు గడిచిపోతాయి.

లెక్కలమాస్టారు: సగటుకి ఒకే పక్కన వరుసగా 8 చుక్కలు పడితే చాలు. ఇంకా చిన్న మార్పులకి 1954లో ఇ.ఎస్. పేజ్ చెప్పిన క్యూసమ్ ఉంది, సగటు నుంచి తేడాల్ని కూడుకుంటూ పోయే పద్ధతి. మీరు అలారం దగ్గరే ఆగిపోయారు, చెప్పింది వినట్లేదు.

రాత్రిడ్యూటీ: వినిపించుకోనిది మీరు! మా దగ్గర అంబులెన్స్ చేరే సమయానికి చార్ట్ పెట్టారు. ఏడాదంతా హద్దుల్లోనే ఉంది. ఇంకో బండి కావాలంటే "అంతా అదుపులోనే ఉంది" అని ఫైలు తిప్పి పంపారు. సగటే ఆలస్యమైనప్పుడు హద్దుల్లో ఉండి రోగికి ఒరిగిందేంటి?

లెక్కలమాస్టారు: అదుపులో ఉందంటే రేపూ ఇలాగే ఉంటుందని, బాగుందని కాదు. రోజూ ఇంతే ఆలస్యం అవుతుంటే డ్రైవర్ని గద్దించి లాభం లేదు, ఏర్పాటే మార్చాలి. మీ బండికి ఆ చార్టే సాక్ష్యం.

రాత్రిడ్యూటీ: ఆ మాట చార్ట్ మీద ఎక్కడుంది? నా గొడవ పాయిజాన్‌తో కాదండీ, చదివేవాళ్ళతో. చేరాల్సిన సమయం గీత కూడా దాని మీదే గీయండి.

లెక్కలమాస్టారు: గీస్తే దాన్నే హద్దనుకుంటారు. మళ్ళీ రోజువారీ సంజాయిషీలే.

సైరన్: ఒకే పేజీలో పైన చార్ట్, కింద గడువు దాటిన కేసుల శాతం పెడితే?

రాత్రిడ్యూటీ: ఫైలుతో పైకెళ్ళేది ఆ పేజీయే అయితే ఒప్పుకుంటా.

లెక్కలమాస్టారు: ఆ శాతానికీ హద్దులు వేయాలి. అది మాత్రం వదలను.